కడపలో భూశాస్త్రవేత్తలకు ఫైనైట్ ఎలిమెంట్ కార్యశాల: ఏర్పాటు చేసే పద్ధతి

ఫైనైట్ ఎలిమెంట్ నమూనాల (రాతినో నేలనో ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు లెక్క వేసి కూర్చే కంప్యూటర్ మోడళ్ల) మీద కార్యశాల పెడదామనుకున్న ప్రతి విభాగంలోనూ చర్చ ఒకే చోట మొదలవుతుంది: ఏ సాఫ్ట్‌వేర్ నేర్పుదాం, ఎవరిని పిలుద్దాం. ఈ రెండు ప్రశ్నలనూ ఒక వారం పక్కన పెట్టి, మూడు రోజుల పని అంతా ఏ ఒక్క భూవైజ్ఞానిక ప్రశ్న చుట్టూ తిరగాలో ముందుగా తేల్చుకుంటే, మిగిలిన నిర్ణయాల్లో చాలావరకు వాటంతటవే కుదురుకుంటాయి. ప్రశ్న లేకుండా మొదలైన కార్యశాల మెనూలో ఏ బటన్ ఎక్కడ ఉందో చూపించడంతో ముగుస్తుంది. అందులో పాల్గొన్నవారు ఇంటికి వెళ్లాక ఆ బటన్లు ఎక్కడున్నాయో నెలలోపే మరచిపోతారు.

కడపలో పెట్టేవారికి ప్రశ్న కోసం దూరం వెళ్లనక్కరలేదు. 2015 చివర్లో కురిసిన భారీ వర్షాల తర్వాత కడప శివారు పల్లెల్లో నేల ఉన్నట్టుండి కుంగి పెద్ద గుంతలు పడ్డాయి. అడుగున సున్నపురాయి, డోలమైట్ వంటి కరిగే రాళ్లుండి, ఏళ్ల తరబడి నీటిమట్టం పడిపోయి, ఆపైన ఒక్కసారిగా నీరు చేరినప్పుడు పైమట్టి లోపలి ఖాళీల్లోకి జారడం ఇలాంటి కుంగుబాట్లకు తెలిసిన కారణమే. ఈ సంగతి పేపర్లో చదివినవారికి, ఊళ్లో చూసినవారికి కూడా మనసులో ఉంటుంది కాబట్టి, నేను ఎంచుకునే ప్రశ్న ఇది: సున్నపురాయిలో 100 మీటర్ల లోతున 5 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రటి సొరంగం లాంటి ఖాళీ ఉంటే, దాని పైకప్పులో రాయి నొక్కుకుంటోందా, సాగుతోందా? నిజానికి నేల కుంగే గుంతలు ఇంతకంటే చాలా తక్కువ లోతులో పుడతాయి. 100 మీటర్లు తీసుకోవడానికి కారణం ఒక్కటే. ఖాళీ పరిమాణంతో పోలిస్తే లోతు బాగా ఎక్కువైనప్పుడు, కంప్యూటర్ చెప్పిన జవాబును కాగితం మీద సరిచూసుకునే సూత్రం మనకు దొరుకుతుంది. సరిచూసుకునే దారి లేని ప్రశ్నతో మొదటి పాఠం చెప్పకూడదన్నది ఈ వ్యాసం పొడుగునా నేను పట్టుకుని ఉండే మాట.

ఎవరిని చేర్చుకోవాలి, ఎంతమందిని

రాయలసీమలో ఇలాంటి కార్యశాలకు వచ్చేవారు నాలుగు రకాలు. యోగి వేమన, శ్రీకృష్ణదేవరాయ, రాయలసీమ విశ్వవిద్యాలయాల వంటి చోట్ల ఎమ్మెస్సీ చదివేవారు, పరిశోధకులు ఒక రకం. గనుల్లో పనిచేసే జియాలజిస్టులు రెండో రకం. భూగర్భ జల శాఖ ఉద్యోగులు మూడో రకం. సివిల్ ఇంజనీరింగ్ కళాశాలల్లో జియోటెక్నికల్ పాఠాలు చెప్పే అధ్యాపకులు నాలుగో రకం. వీరిలో ఇంజనీర్లకు మాత్రికల లెక్క చేతిలో ఉంటుంది గానీ రాయిలో బీటలు ఎటు వాలి ఉన్నాయన్న ధ్యాస తక్కువ, జియాలజిస్టులకు సరిగ్గా దీనికి తలకిందులు. అందుకే వీరిని వేరువేరు బృందాలుగా విడదీయకుండా, ఒక్కో బల్ల దగ్గర ఇద్దరు జియాలజిస్టులకు ఒక ఇంజనీరు చొప్పున కూర్చోబెట్టడం మంచిది. బయటి నుంచి తెచ్చిన నిపుణుడు గంటలో చెప్పలేనిది పక్కవాడు పది నిమిషాల్లో చెప్పడం నేను చాలాసార్లు చూశాను.

సంఖ్య 24 దాటకూడదు. ఎనిమిది బల్లలు, బల్లకు ముగ్గురు. ఎనిమిది మందికి ఒక సహాయకుడి చొప్పున ముగ్గురు సహాయకులు. ధ్రువపత్రాల కోసం 60 మందిని చేర్చుకోమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. అప్పుడు మొదటి రోజు ఉదయం ఉపన్యాసాన్ని అందరికీ తెరిచి, చేత్తో చేసే పనిని 24 మందికే పరిమితం చేస్తామని ముందే ప్రకటనలో రాసేయండి. తర్వాత చెబితే అలకలు తప్పవు.

దరఖాస్తు ఫారంలో విద్యార్హతలు అడగడం వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. ఐదు ప్రశ్నలు చాలు: పైథాన్ ప్రోగ్రాం ఒక్కటైనా మీరే నడిపారా, మీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎంత, ఆపరేటింగ్ సిస్టం ఏది, ఒక రాతి స్తంభం తన బరువుకే ఎంత కుంగుతుందో లెక్కించమంటే దేనితో మొదలుపెడతారు, మీ పనిలో మోడల్ కట్టి తేల్చుకోవాలనిపించిన ప్రశ్న ఒకటి, మూడు వాక్యాల్లో రాయండి. ఈ ఐదో ప్రశ్నకు వచ్చిన జవాబులే మూడో రోజుకు ముడిసరుకు. దాన్ని ఖాళీగా వదిలేసినవారిని ఎంపికలో వెనక్కి పెట్టడానికి నేను వెనుకాడను.

తేదీలు

ఏప్రిల్, మే నెలల్లో కడపలో కార్యశాల పెట్టడం ఎవరికీ మేలు చేయదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు ఉంటాయి. 2021 నవంబరులో చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన సంగతి ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. సంక్రాంతి తర్వాత వాతావరణం హాయిగా ఉంటుంది గానీ క్షేత్రంలో తిరిగే జియాలజిస్టులు సరిగ్గా ఆ చలికాలంలోనే కొండల్లో ఉంటారు. అన్నీ చూసుకుంటే ఆగస్టు నాకు అనువుగా కనిపిస్తుంది. ఎండ కొంత తగ్గి ఉంటుంది, క్షేత్ర పనులు మందగించి ఉంటాయి. అయితే వినాయక చవితి ఎప్పుడు వచ్చిందో, పెద్ద దర్గా ఉరుసు ఎప్పుడో, రంజాన్ నెల ఏదో పంచాంగంతో పాటు చూసుకోకుండా తేదీ ఖాయం చేయవద్దు. ఉరుసు రోజుల్లో ఊళ్లో లాడ్జి గది దొరకడం కష్టం.

కడప చెన్నై–ముంబై రైలు మార్గంలో ఉంది కాబట్టి బయటివారికి రైలే నమ్మకమైనది. కర్నూలు నుంచి నంద్యాల, మైదుకూరు మీదుగా వచ్చేవారికి బస్సు సులువు. మొదటి రోజు ఉదయం పదిన్నరకు ముందు పని మొదలుపెడతామని అనుకోకండి.

యంత్రాలు, కరెంటు, సాఫ్ట్‌వేర్

నేను సహాయకుడిగా వెళ్లిన ఒక కార్యశాలలో మొదటి రోజంతా ఇన్‌స్టలేషన్‌కే పోయింది. ముప్పై మంది ఒకేసారి ఒకే వైఫై మీద రెండేసి జీబీల ఫైళ్లు దింపడం మొదలుపెట్టారు. లెక్క వేసి ఉంటే ముందే తెలిసేది: 60 జీబీని సెకనుకు 50 మెగాబిట్ల లైను మీద దింపాలంటే, అది ఒక్క క్షణం ఆగకుండా పనిచేసినా 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. అది ఆగకుండా పనిచేయలేదు. మధ్యాహ్నానికి కరెంటు కూడా పోయింది.

కరెంటు సంగతి కూడా ఇలాంటి లెక్కే. ల్యాప్‌టాప్ ఛార్జర్ 65 వాట్లు అనుకుంటే ముప్పైకి దాదాపు 2,000 వాట్లు, అంటే 230 వోల్టుల మీద ఎనిమిదిన్నర ఆంపియర్లు. వాటన్నిటినీ ఎక్స్‌టెన్షన్ బాక్సులతో 6 ఆంపియర్ల ఒకే ప్లగ్గు పాయింటుకు తగిలిస్తే ఫ్యూజు పోతుంది, లేదా అంతకంటే చెడ్డదేదో జరుగుతుంది. హాలు చూడటానికి వెళ్లినప్పుడు ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని, ఏ ప్లగ్గులు ఏ లైను మీద ఉన్నాయో రాసుకోండి, కనీసం మూడు లైన్ల మీదకు బరువు పంచండి. జనరేటర్ ఉందని చెబితే సరిపోదు, అందులో డీజిల్ ఉందో లేదో ముందు రోజు సాయంత్రం చూడాలి.

ఇక సాఫ్ట్‌వేర్. ఈ రంగంలో ఉచితంగా దొరికే మంచి పరికరాలకు కొదవ లేదు: మెష్ (ఎలిమెంట్లన్నీ కలిసిన వల) కట్టడానికి జీమెష్, ఫలితాలు చూడటానికి పారావ్యూ, సమీకరణాలు రాసుకోవడానికి ఫెనిక్స్, భూపటల వికృతికి పైలిత్, భూప్రావారపు (మ్యాంటిల్) ప్రవాహానికి ఆస్పెక్ట్, రాళ్లలో నీరు, వేడి, ఒత్తిడి కలిసి పనిచేసే సమస్యలకు ఓపెన్‌జియోసిస్. వీటిలో పైలిత్ వంటివి విండోస్‌లో నడవాలంటే అందులో లినక్స్ ఉపవ్యవస్థ వేసుకోవాలి. దానికి చాలా ల్యాప్‌టాప్‌లలో బయోస్‌లోకి వెళ్లి వర్చువలైజేషన్‌ను ఆన్ చేయాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లకు బయోస్ పాస్‌వర్డ్ ఉంటుంది, ఆ పాస్‌వర్డ్ హైదరాబాదులో ఎవరి దగ్గరో ఉంటుంది. అందుకని మొదటి కార్యశాలకు నా సలహా, పూర్తిగా పైథాన్‌లోనే రాసిన సైకిట్-ఫెమ్ అనే చిన్న లైబ్రరీ. అది నిమిషంలో ఎక్కుతుంది, ప్రతి అడుగులో మాత్రిక ఎలా తయారవుతోందో కంటికి కనిపిస్తుంది. జీమెష్, పారావ్యూ విండోస్‌లో నేరుగా నడుస్తాయి. పెద్ద పరికరాలను మూడో రోజు ఒక గంట చూపించండి, ఎక్కడికి వెళ్లవచ్చో తెలియడానికి అది చాలు.

పైథాన్‌తో సహా అన్నీ పది పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి పెట్టుకోండి. రెండు వారాల ముందే అందరికీ ఒక చిన్న పరీక్ష ప్రోగ్రాం పంపి, అది నడిచాక తెర మీద వచ్చే అంకెను తిరిగి పంపమనండి. అంకె పంపనివారికి ఫోన్ చేయండి. ఈ ఫోన్ల పని ఒక పరిశోధక విద్యార్థికి రెండు సాయంత్రాలు పడుతుంది, కార్యశాలలో ఒక రోజు మిగులుతుంది.

మొదటి రోజు: కాగితం, క్యాలిక్యులేటర్

మొదటి రోజు మధ్యాహ్నం వరకు ల్యాప్‌టాప్‌లు మూసే ఉండాలి. ఇలా అంటే నిర్వాహకుల్లో కొందరు ముఖం చిట్లిస్తారు. అయినా సరే, మూడు ఎలిమెంట్లతో ఒక సమస్యను చేత్తో చేయనివారికి మూడు లక్షల ఎలిమెంట్ల మెష్ ఒక నల్లపెట్టెగానే మిగిలిపోతుంది.

సమస్యగా నిలకడ స్థితిలో ఉన్న ఉష్ణవహనాన్ని తీసుకోండి. మందం 30 కిలోమీటర్లున్న భూపటలపు నిలువు స్తంభం. ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 3 వాట్లు. ఉపరితలం మీద 30 డిగ్రీల సెల్సియస్. అడుగు నుంచి చదరపు మీటరుకు 30 మిల్లీవాట్ల వేడి వస్తోంది. రాళ్లలోని రేడియోధార్మికత వల్ల ఘనపు మీటరుకు ఒక మైక్రోవాట్ పుడుతోంది. ఇవి లెక్క సులువుగా పడటానికి ఎంచుకున్న అంకెలే తప్ప కడప కింద కొలిచినవి కావని ముందే చెప్పాలి, లేకపోతే ఎవరో ఒకరు నోట్సులో అలాగే రాసుకుంటారు. దీనికి సూత్రం ఉంది కాబట్టి సరైన జవాబు తెలుసు: 10 కిలోమీటర్ల దగ్గర 213.3 డిగ్రీలు, 20 దగ్గర 363.3, అడుగున 480. ఉపరితలం గుండా బయటికి వచ్చే వేడి చదరపు మీటరుకు 60 మిల్లీవాట్లు.

ఇప్పుడు స్తంభాన్ని పదేసి కిలోమీటర్ల మూడు ఎలిమెంట్లుగా కోసి, ఒక్కో ఎలిమెంటుకు రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసల చిన్న మాత్రిక రాయించి, మూడిటినీ కూర్చి, పైన ఉష్ణోగ్రత, అడుగున ప్రవాహం పెట్టించండి. మూడు తెలియని రాశులకు మూడు సమీకరణాలు వస్తాయి, క్యాలిక్యులేటర్‌తో ఇరవై నిమిషాల పని. జవాబు చూసి గది అంతా ఉత్సాహపడుతుంది: నోడ్ల దగ్గర, అంటే ఎలిమెంట్ల కొసల్లో, సరిగ్గా 213.3, 363.3, 480 వస్తాయి.

సరిగ్గా ఇక్కడ ఆపి, రెండు ప్రశ్నలు అడగాలి. 5 కిలోమీటర్ల దగ్గర ఎంత? రెండు నోడ్ల మధ్య సరళరేఖ గీస్తే 121.7 వస్తుంది, నిజమైన విలువ 125.8. నాలుగు డిగ్రీల పైచిలుకు తప్పు. రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం: ఉపరితలం మీద వేడి ప్రవాహం ఎంత? మొదటి ఎలిమెంటులోని వాలు నుంచి లెక్కిస్తే 55 మిల్లీవాట్లు వస్తుంది, నిజం 60. ఉష్ణోగ్రతలు నోడ్ల దగ్గర చుక్క తప్పకుండా సరిపోయిన అదే మోడల్, ఒక జియాలజిస్టు బోరులో కొలిచి పోల్చుకునే రాశిలో మాత్రం ఎనిమిది శాతానికి పైగా తప్పింది.

తర్వాత ఎలిమెంట్లను సగానికి కోయమనండి. ఉష్ణోగ్రతలో తప్పు 4.17 నుంచి 1.04కు, అంటే నాలుగో వంతుకు పడిపోతుంది. ప్రవాహం 57.5 అవుతుంది, అంటే అక్కడ తప్పు సగమే తగ్గింది. మెష్‌ను చిన్నది చేస్తూ పోతే ఏ రాశి ఎంత వేగంగా మెరుగవుతుందన్న సంగతి సిద్ధాంతంలో పుటల కొద్దీ ఉంటుంది. ఈ నాలుగు అంకెలు చూసినవారికి అది జీవితాంతం గుర్తుంటుంది. మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లు తెరిచి, ఇదే సమస్యను 3, 6, 12, 24 ఎలిమెంట్లతో నడిపి తప్పును గ్రాఫు మీద గీయించండి. చరిత్ర చెప్పాలనుకుంటే టీ వేళకు ఐదు నిమిషాలు సరిపోతుంది: గణితజ్ఞుడు కూరాంట్ 1943లోనే త్రిభుజాల మీద ఈ ఆలోచన చేశాడని, విమానాల రెక్కల లెక్కల్లోంచి ఎదిగిన పద్ధతికి ‘ఫైనైట్ ఎలిమెంట్’ అనే పేరును 1960లో ఇంజనీరు రే క్లఫ్ పెట్టాడని.

రెండో రోజు ఉదయం: బెలుం

క్షేత్ర పర్యటనను చివరి రోజుకు విహారయాత్రలా అంటించడం ఆనవాయితీ. నేను దాన్ని మోడల్ కట్టడానికి ముందు పెట్టమంటాను. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున సున్నపురాయిలో తొలిచి ఉన్నాయి. 1884లో భూశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని గుర్తించగా, గెబావర్ నాయకత్వంలో వచ్చిన జర్మన్ బృందం 1980ల మొదట్లో వివరంగా సర్వే చేసింది. తెల్లవారకముందే బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు. రెండో రోజు పని సాయంత్రం ఏడు దాకా సాగుతుందని మాత్రం ముందే చెప్పి ఉంచాలి.

గుహలో ప్రతి బల్లవారికీ ఒకే పని: ఒక చోట నిలబడి, పైకప్పు ఆకారం, పొరల మందం, బీటల దిశ చూసి ఒక అడ్డుకోత గీయాలి. లోపల ఉక్కపోత ఎక్కువ కాబట్టి నీళ్ల సీసాలు, టార్చిలైట్లు లెక్కపెట్టుకుని తీసుకెళ్లండి. గీసిన కాగితాలను గోడకు అంటించాక, మోడల్‌లో ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్న చర్చ జరగాలి. పైకప్పు నిజంగా గుండ్రంగా ఉందా? పొరల మధ్య సందు ఉంటే రాతిని ఒకే ముద్దగా అనుకోవచ్చా? ఈ చర్చకు గంట పట్టినా ఆపవద్దు. ఇంజనీర్లు నోరు మూసుకుని వినేది ఇక్కడే.

రెండో రోజు మధ్యాహ్నం: ఖాళీ చుట్టూ ఒత్తిడి

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. సాంద్రత ఘనపు మీటరుకు 2,700 కిలోలు అనుకుంటే 100 మీటర్ల లోతున నిలువు ప్రతిబలం (రాయి లోపలి ఒత్తిడి) 2.65 మెగాపాస్కళ్లు. గుండ్రటి ఖాళీ చుట్టూ ప్రతిబలాలకు 1898లో కిర్ష్ ఇచ్చిన సూత్రం ఉంది. దాని ప్రకారం నిలువు ఒత్తిడి మాత్రమే ఉంటే పక్క గోడల మీద దానికి మూడింతల సంపీడనం (నొక్కుడు), పైకప్పు మీద దానికి సమానమైన తన్యత (సాగుడు) వస్తాయి. పక్కల నుంచి కూడా ఒత్తిడి ఉంటే పైకప్పు మీది ప్రతిబలం, పక్క ఒత్తిడికి మూడింతల్లోంచి నిలువు ఒత్తిడిని తీసేయగా మిగిలింది.

మెష్ కట్టించేటప్పుడు మూడు తప్పులను కావాలనే చేయించండి. మొదటిది, గోడకు ఆనుకున్న ఎలిమెంట్లను పెద్దవిగా ఉంచడం. సరళమైన త్రిభుజపు ఎలిమెంటులో ప్రతిబలం అంతటా ఒకటే; దాని విలువ గోడకు చెందినది కాదు, ఎలిమెంటు మధ్యభాగానికి చెందినదని అనుకోవాలి. కిర్ష్ సూత్రం ప్రకారమే గోడ మీద 3 రెట్లున్న ప్రతిబలం అరమీటరు లోపలికి వెళ్లేసరికి 2.44 రెట్లకు దిగుతుంది. కాబట్టి మొదటి ఎలిమెంటు మధ్యభాగం గోడకు అరమీటరు దూరంలో ఉంటే, లెక్క ఎంత నిర్దుష్టంగా జరిగినా తెర మీద 3 కనిపించదు. రెండో తప్పు, మోడల్ అంచును ఖాళీకి దగ్గరగా పెట్టడం. ఖాళీ వల్ల ప్రతిబలంలో కలిగిన మార్పు దూరంతో పాటు తగ్గుతుంది గానీ తొందరగా తగ్గదు: నిలువు ఒత్తిడి ఒక్కటే ఉన్నప్పుడు, పక్కకు వ్యాసార్ధానికి ఐదింతల దూరంలో కేంద్రం నుంచి బయటికి పనిచేసే ప్రతిబలం నిలువు ఒత్తిడిలో దాదాపు ఆరు శాతం మిగిలి ఉంటుంది, పదింతల దూరంలో ఒకటిన్నర శాతం. అంచు ఎంత దూరమైతే చాలో ఈ అంకెలే చెబుతాయి. మూడోది యూనిట్లు. స్థితిస్థాపక గుణకం (రాయి ఎంత బిగువో చెప్పే అంకె) 50 గిగాపాస్కళ్లయితే, 100 మీటర్ల రాతి స్తంభం తన బరువుకు తాను సుమారు 2.6 మిల్లీమీటర్లు కుంగాలి. ఆ గుణకాన్ని మెగాపాస్కళ్లలో 50,000 అని కొట్టి, మిగతావన్నీ పాస్కళ్లలో ఉంచితే అది 2.6 కిలోమీటర్లు కుంగుతుంది. సాఫ్ట్‌వేర్ ఏ అభ్యంతరమూ చెప్పదు, చక్కటి రంగుల్లో చూపిస్తుంది.

వీటితో పాటు గుర్తుల గొడవ ఒకటి ఉంది. జియాలజిస్టుకు సంపీడనం ధనాత్మకం, చాలా ప్రోగ్రాములకు తన్యత ధనాత్మకం. ఎర్ర రంగు చూసి పైకప్పు కూలుతుందని ఒకరు, భద్రంగా ఉందని పక్కవారు వాదించుకోవడం తప్పనిసరిగా జరుగుతుంది. వాదించుకోనివ్వండి.

అసలు పాఠం ఆ తర్వాతే. పక్క అంచులను కదలకుండా పట్టి, కేవలం బరువు వేసి మోడల్‌ను నడిపితే పక్క ఒత్తిడి ఎంత రావాలో పాయిజాన్ నిష్పత్తి (నిలువుగా నొక్కితే రాయి పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) నిర్ణయిస్తుంది. ఆ నిష్పత్తి 0.25 అయితే పక్క ఒత్తిడి నిలువు ఒత్తిడిలో మూడో వంతు. కిర్ష్ సూత్రంలో పెట్టి చూస్తే పైకప్పు మీద ప్రతిబలం సరిగ్గా సున్నా. 0.2 అయితే పక్క ఒత్తిడి నాలుగో వంతు, పైకప్పు మీద నిలువు ఒత్తిడిలో పావు వంతు తన్యత, అంటే సుమారు 0.66 మెగాపాస్కళ్లు. ఇక పక్క ఒత్తిడి నిలువు ఒత్తిడికి సమానమని నేరుగా పెడితే పైకప్పు మీద దానికి రెండింతల సంపీడనం. ప్రాచీన శిలాభూముల్లో తక్కువ లోతుల్లో పక్క ఒత్తిడి నిలువు ఒత్తిడిని మించి ఉండటం కూడా మామూలే. అంటే, పైకప్పు నొక్కుకుంటోందా, సాగుతోందా అన్న మన ప్రశ్నకు జవాబు మెష్‌లోంచి రాలేదు, గుణకాల పట్టికలో ఎవరో అలవాటుగా కొట్టిన ఒక అంకెలోంచి వచ్చింది. ప్రతి బల్లకు ఒక్కో విలువ ఇచ్చి నడిపించి, ఎనిమిది బొమ్మలనూ పక్కపక్కనే తెర మీద వేయండి. ఆ సాయంత్రానికి ఇంతకంటే చెప్పవలసినదేమీ ఉండదు.

సమయం మిగిలితే గుండ్రటి ఖాళీ బదులు చదరపు గదిని పెట్టి మూల దగ్గర మెష్‌ను చిన్నది చేస్తూ పొమ్మనండి. ప్రతిసారీ ప్రతిబలం పెరుగుతూనే పోతుంది, ఎక్కడా నిలవదు, ఎందుకంటే మొనదేలిన లోపలి మూలలో సిద్ధాంతం ప్రకారం దానికి హద్దు లేదు. తుమ్మలపల్లె వంటి భూగర్భ గనుల్లో పనిచేసేవారికి ఇది నేరుగా ఉపయోగపడే హెచ్చరిక: మూల దగ్గర కనిపించే గరిష్ఠ విలువను నివేదికలో రాయకూడదు.

మూడో రోజు

మూడో రోజు వచ్చినవారి సొంత ప్రశ్నలకు. ఫారాల్లోంచి నాలుగింటిని ముందే ఎంచి, రెండేసి బల్లలకు ఒకటి చొప్పున ఇవ్వండి. అనంతపురం నుంచి వచ్చినవారి ప్రశ్న దాదాపు ఎప్పుడూ బోర్ల గురించే ఉంటుంది, ఉండాలి కూడా. అక్కడ మోడల్‌కు ముందు వేయించవలసిన లెక్క ఒకటుంది: దూరం వర్గాన్ని వ్యాపన గుణకంతో (నీటి ప్రసరణ శక్తిని నిల్వ గుణకంతో భాగిస్తే వచ్చేది) భాగిస్తే, బోరు తోడిన ప్రభావం అక్కడికి చేరే కాలం స్థూలంగా తెలుస్తుంది. నీటి ప్రసరణ శక్తి రోజుకు 50 చదరపు మీటర్లు, నిల్వ గుణకం 0.01 అనుకుంటే వ్యాపన గుణకం రోజుకు 5,000 చదరపు మీటర్లు. 500 మీటర్ల దూరపు బోరు మీద ప్రభావం 50 రోజుల స్థాయిలో కనిపిస్తుంది. నెలకొక అడుగు చొప్పున కాలాన్ని నడిపితే ఏమీ తెలియదని దీంతో తేలిపోతుంది. ఒక్క బోరు మోడల్‌ను బోరు తోడితే చుట్టూ నీటిమట్టం ఎంత పడిపోతుందో చెప్పే 1935 నాటి థైస్ సూత్రంతో పోల్చి చూశాకే నాలుగు బోర్లు పెట్టనివ్వండి.

మధ్యాహ్నం ప్రతి బృందానికీ పది నిమిషాలు. వారు చూపవలసినవి మూడే: ప్రశ్న ఒక వాక్యంలో, చేత్తో వేసిన లెక్కతో మోడల్ పోలిక, మోడల్ ఏ అంకెకు ఎక్కువగా కదులుతోందో చెప్పే ఒక పట్టిక. రంగుల బొమ్మ ఐచ్ఛికం.

భాష గురించి ఒక మాట. స్లైడ్లు ఇంగ్లిషులో ఉన్నా, వివరణ తెలుగులో జరగాలి. మెష్, నోడ్, బౌండరీ కండిషన్ వంటి మాటలను అలాగే వాడండి, వాటికి తెలుగు వెతుకుతూ కూర్చుంటే పాఠం కుంటుపడుతుంది. కానీ ‘అంచు దగ్గర నేల కదలకుండా పట్టుకున్నాం’ అని చెప్పగలిగినవారికి బౌండరీ కండిషన్ నిజంగా అర్థమైనట్టు. భోజనాల విషయంలో ఉదయం ఉగ్గాని, బజ్జీ, మధ్యాహ్నం మామూలు భోజనం పెట్టి, సంగటి, నాటుకోడి విందును మూడో రోజు రాత్రికి వాయిదా వేయండి. మధ్యాహ్నం సంగటి తిన్నవారిచేత మెష్ కట్టించడం ఎవరి తరమూ కాదు.

ముగిసిన తర్వాత నడిచిన ప్రోగ్రాములను, తప్పుగా కట్టిన మెష్‌లతో సహా, ఒకే ఫోల్డర్‌లో అందరికీ పంపండి. నాలుగు వారాల తర్వాత ఒక సాయంత్రం ఆన్‌లైన్‌లో గంటసేపు కలవడానికి తేదీని ధ్రువపత్రాలు ఇచ్చే రోజే ఖాయం చేసుకోండి. ఆ రోజు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ నెలలో మీరు కట్టిన మోడల్‌ను దేనితో సరిచూసుకున్నారు? వచ్చిన జవాబులను రాసి ఉంచుకుంటే, వచ్చే ఏడాది కార్యశాలకు ఏ సమస్యను ఎంచుకోవాలో అందులోనే ఉంటుంది.